నెమ్మదైన కుక్కకు రెండో ఇల్లు



కుటుంబం ఊరు మారేటప్పుడు సామాను లారీ ఎక్కుతుంది. గ్యాస్ కనెక్షన్ బదిలీ అవుతుంది. పిల్లల టీసీలు చేతికొస్తాయి. అన్నీ సర్దుకున్నాక చివరికి ఒక ప్రశ్న మిగిలిపోతుంది: కుక్కను ఏం చేద్దాం?

ఈ ప్రశ్న మన సంఘాల్లో చాలా ఇళ్లకు వస్తోంది. కొడుక్కి విదేశంలో ఉద్యోగం వస్తుంది. కొత్త అద్దె ఇంటి యజమాని కుక్క ఉంటే ఇల్లివ్వనంటాడు. కుక్కను ప్రేమగా సాకిన నాయనమ్మ చనిపోతుంది, మిగిలినవాళ్లు పొద్దున వెళ్తే రాత్రికిగాని ఇంటికి చేరరు. ఇలాంటి కుటుంబాలను తప్పుపట్టడానికి మేము ఈ మాటలు రాయడం లేదు. ఆ కుక్కకు మరో ఇల్లు ఎలా దొరుకుతుందో, అందులో మన వంతు ఏమిటో వివరించాలని రాస్తున్నాం.

వదిలెయ్యడం వేరు, అప్పగించడం వేరు

'ఎక్కడైనా వదిలేస్తే అదే బతుకుతుంది' అనే మాట మనం తరచూ వింటాం. ఇది నిజం కాదు. వీధిలో పుట్టిన కుక్కకు తన వీధి తెలుసు. నీళ్లెక్కడ దొరుకుతాయో, ఏ ఇంటివాళ్లు అన్నం పెడతారో, లారీ వస్తే ఎటు తప్పుకోవాలో చిన్నప్పుడే నేర్చుకుంటుంది. ఆరేళ్లు ఇంట్లో చాప మీద పడుకున్న కుక్కకు ఇవేవీ తెలియవు. కొత్త వీధిలోని కుక్కలు దాన్ని తమ హద్దులోకి రానివ్వవు. అది వాటితో పోట్లాడలేదు, పారిపోవడానికి దారీ తెలియదు. స్వభావం ఎంత నెమ్మదైనదైతే అంత త్వరగా దెబ్బతింటుంది.

చట్టం కూడా దీన్ని నేరంగానే చూస్తుంది. ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో జంతువును వదిలిపెట్టడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షను కింద శిక్షార్హం. కాని ఆ చట్టం మొదటిసారి నేరానికి పెట్టిన జరిమానా 50 రూపాయలు దాటదు. కాబట్టి చట్టానికి భయపడి ఎవరూ ఆగరు. ఆపవలసింది మనస్సాక్షే.

మరో ఇంటికి గాని, జంతు సంరక్షణ కేంద్రానికి గాని బాధ్యతగా అప్పగించడం దీనికి పూర్తిగా వేరు. మన రాష్ట్రాల్లో అలాంటి కేంద్రాలు ఉన్నాయి. హైదరాబాదులో బ్లూ క్రాస్ 1992లో మొదలైంది. విశాఖపట్నంలో వీఎస్‌పీసీఏ 1996 నుంచి పనిచేస్తోంది. ఇలాంటి చోట్లకు గాయపడిన వీధి జంతువులు నిత్యం వస్తూనే ఉంటాయి, అందుచేత ఖాళీ తక్కువ. కుక్కను కారెక్కించుకొని నేరుగా గేటు దగ్గరికి వెళ్లకుండా ముందే ఫోను చేసి మాట్లాడాలి. ప్రయాణానికి కనీసం రెండు మూడు నెలల ముందు ఈ ప్రయత్నం మొదలుపెట్టండి. విమానం ఎక్కే వారం వెదికితే మంచి ఇల్లు దొరకదు, ఏదో ఒక ఇల్లు దొరుకుతుంది.

నెమ్మదైనదాన్ని ఎవరూ చూడరు

ఒక కుక్కను ఉదాహరణగా తీసుకుందాం. ఏడేళ్ల ఆడ లాబ్రడార్. పిల్లల మధ్య పెరిగింది, ఎవరినీ కరవలేదు. నాయనమ్మ పోయాక షెల్టరుకు చేరింది. దత్తతకు వచ్చినవారు గదుల వరుస వెంట నడుస్తూ వెళ్తారు. గేటు మీదికి ఎగిరే కుక్కను చూస్తారు, తోక ఊపుతూ అరిచే కుక్కపిల్లను ఎత్తుకుంటారు. మూలన పడుకొని తల పక్కకు తిప్పుకున్న ఈ లాబ్రడార్‌ను చూసి 'దీనికేదో జబ్బున్నట్టుంది' అని ముందుకు సాగిపోతారు. ఇంట్లో అందరూ మెచ్చుకున్న నెమ్మదే అక్కడ దానికి అడ్డమవుతుంది.

ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. షెల్టరులో కనిపించే నిశ్శబ్దం రెండు రకాలు. మొదటిది నెమ్మది. ఆ కుక్క ఒళ్లు వదులుగా ఉంటుంది, అన్నం తింటుంది, పక్కన కూర్చుంటే కాసేపటికి తానే దగ్గరికి వస్తుంది. రెండోది భయంతో బిగుసుకుపోవడం. అలాంటి కుక్క గోడకు అతుక్కొని ఉంటుంది, తోక కాళ్ల మధ్య పెట్టుకుంటుంది, తిండి ముట్టదు. నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది, పెదవులు నాక్కుంటుంది, కంటి తెల్లభాగం కనిపించేలా ఓరగా చూస్తుంది. దాన్ని 'ఎంత సాధుజంతువో' అని పొరబడి పసిపిల్లల చేతికిస్తే పిల్లలకూ ప్రమాదమే, కుక్కకూ ప్రమాదమే. ఈ రెండో రకం కుక్క చెడ్డదని మేము అనడం లేదు. దానికి కొంత ఎక్కువ సమయం, పిల్లల సందడి లేని ఇల్లు కావాలి.

పైగా ఒకే కుక్క షెల్టరులో ఒకలా, ఇంట్లో మరోలా ఉంటుంది. అమెరికాలో ఐదు షెల్టర్లలోని కుక్కలను ఒకటి రెండు రాత్రులు ఇళ్లకు పంపి పరిశీలించిన అధ్యయనం 2019లో వెలువడింది. ఇంట్లో ఉన్న ఆ రాత్రుల్లో వాటిలో ఒత్తిడిని సూచించే కార్టిసాల్ అనే హార్మోను తగ్గింది, తిరిగి షెల్టరుకు వచ్చాక మళ్లీ మునుపటి స్థాయికి చేరింది. అంటే కుక్క అసలు స్వభావం ఇంటి వాతావరణంలోనే బయటపడుతుంది. కాబట్టి శాశ్వతంగా పెంచుకోలేనివారు కూడా రెండు వారాలు తమ ఇంట్లో ఉంచుకొంటే ఎంతో మేలు చేసినవారవుతారు. 'ఇది రాత్రంతా ప్రశాంతంగా పడుకుంది, పిల్లిని చూసి అరవలేదు, మెట్లెక్కడానికి మాత్రం ఇబ్బంది పడింది' అని వారు చెప్పే మాట పది ఫొటోలకంటే విలువైనది.

అప్పగించేవారి బాధ్యత

కుక్కకు తన కథ చెప్పుకొనే నోరు లేదు. వీధిలో దొరికిన కుక్క గతం ఎవరికీ తెలియదు. ఇంటివారు అప్పగించిన కుక్క గతం మాత్రం ఒకరికి తెలుసు. వారు నిజం రాసిస్తే అదే దానికి పెద్ద ఆస్తి.

ఒక కాగితం మీద ఈ సంగతులు రాయండి: పేరు, వయసు, ఏ మాటలకు పలుకుతుంది, ఏం తింటుంది, ఎన్ని పూటలు, ఎక్కడ పడుకుంటుంది, ఎప్పుడు బయటికి తీసుకెళ్లాలి, దేనికి భయపడుతుంది, పిల్లలతో, ముసలివారితో, ఇతర కుక్కలతో ఎలా ఉంటుంది. టపాసులకు మంచం కిందకు దూరితే ఆ మాట రాయండి. అన్నం తినేటప్పుడు గిన్నె దగ్గరికి వెళ్తే గుర్రుమంటే అదీ రాయండి. ఎప్పుడైనా కరిచి ఉంటే తప్పకుండా రాయండి. ఎవరూ తీసుకోరేమోనని లోపాన్ని దాచిపెడితే ఆ లోపం కొత్త ఇంట్లో మొదటి వారంలోనే బయటపడుతుంది. అప్పుడు కుక్క తిరిగి వస్తుంది, రెండోసారి దానికి ఇల్లు వెదకడం ఇంకా కష్టం.

వైద్యం సంగతి కూడా ముందే చూడాలి. రేబిస్ టీకా, డిస్టెంపర్, పార్వో టీకాలు వేయించి ఆ పుస్తకాన్ని కుక్కతోపాటే ఇవ్వండి. నులిపురుగుల మందు తాగించండి. పిడుదులు ఉంటే వదిలించండి, వాటివల్ల వచ్చే జ్వరం మన ప్రాంతంలో చాలా కుక్కల ప్రాణం తీస్తోంది. అన్నిటికంటే ముఖ్యం, పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించాకే ఇవ్వండి. 'ఉచితంగా ఇస్తాం' అనే ప్రకటన చూసి జాతికుక్కను ఈనించి పిల్లలను అమ్ముకొనేవారు కూడా వస్తారు. ఆపరేషను అయిన కుక్కతో వారికి పని ఉండదు.

తీసుకొనేవారి ఇంటికి ఒకసారి వెళ్లి చూడండి. ఇందులో మొహమాటం వద్దు. కుక్కను పగలంతా గొలుసుతో కడతారా? ఇంట్లో అందరికీ ఇష్టమేనా, లేక ఒక్కరి ఉత్సాహమేనా? ఊరికి వెళ్తే ఎవరు చూస్తారు? వైద్యుడి ఖర్చు భరించగలరా? అద్దె ఇల్లయితే యజమాని ఒప్పుకున్నారా? అపార్ట్‌మెంట్లలో పెంపుడు కుక్కలపై నిషేధం పెట్టే అధికారం నివాసుల సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. అయినా ఇరుగుపొరుగుతో ముందే మాట్లాడుకోవడం మంచిది.

కొత్త ఇంట్లో మొదటి మూడు నెలలు

షెల్టర్లు నడిపేవారు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అనే లెక్క చెబుతారు. ఇది అన్ని కుక్కలకూ కచ్చితంగా సరిపోయే కొలత కాదు గాని, ఓపిక పట్టడానికి పనికొస్తుంది. మొదటి మూడు రోజులు కుక్క అయోమయంలో ఉంటుంది. సరిగా తినకపోవచ్చు, గేటు వైపే చూస్తూ కూర్చోవచ్చు. మూడు వారాలకు ఇంటి వేళలు అలవాటవుతాయి. ఇది మన ఇల్లే అన్న నమ్మకం కుదరడానికి మూడు నెలలు పట్టవచ్చు.

ఆ రోజుల్లో చేయవలసినవి పెద్ద పనులేమీ కావు. పాత పేరు మార్చకండి. పాత ఇంటి దుప్పటి ఒకటి ఉతక్కుండా తెచ్చి దాని పక్కమీద వేయండి. పాత తిండే పెడుతూ వారం పది రోజుల్లో నెమ్మదిగా మార్చండి. చుట్టాలనూ వీధి పిల్లలనూ చూడటానికి పిలవకండి. దగ్గరికి రమ్మని లాగకండి, అదే వస్తుంది. దీపావళికి, డిసెంబరు 31 రాత్రికి ముందు రోజుల్లో కొత్త కుక్కను తెచ్చుకోవద్దు. టపాసుల మోతకు గేటు దూకి పారిపోతే అది పాత ఇంటికీ చేరలేదు, కొత్త ఇంటికీ రాలేదు. మెడ పట్టీకి మీ ఫోను నంబరు మొదటి రోజే తగిలించండి. వేసవిలో తెల్లవారుజామున, చీకటిపడ్డాక మాత్రమే నడిపించండి. మధ్యాహ్నం తారు రోడ్డు దాని పాదాలను కాలుస్తుంది.

మన వంటింట్లో ఉండే ఉల్లిపాయ, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ కుక్కకు విషం. ఉడికించిన కోడి ఎముకలు విరిగి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటాయి. విందు మిగిలిందని అన్నీ కలిపి పెట్టకండి.

ఎంత సాధువైన కుక్క అయినా చిన్నపిల్లలను దానితో ఒంటరిగా వదలకూడదు. నిద్రపోతున్నప్పుడు, తింటున్నప్పుడు తాకకూడదని పిల్లలకు నేర్పండి. కరిస్తే, టీకా వేసిన కుక్కే కదా అని ఊరుకోవద్దు. గాయాన్ని పారే నీటికింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. రేబిస్ లక్షణాలు కనిపించాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం.

ఇంత చేసినా కొన్నిసార్లు కుదరదు. ఇంట్లో ఒకరికి ఉబ్బసం ఎక్కువవుతుంది, పాత కుక్క కొత్తదాన్ని రానివ్వదు. అప్పుడు తిరిగి ఇచ్చినవారిని నిందించకూడదు. కుదరకపోతే మాకే తిరిగి ఇవ్వండి, ఎవరికీ ఇవ్వకండి, బయట వదలకండి అన్న ఒప్పందం మొదటే రాసుకొంటే ఆ దారి తెరిచే ఉంటుంది.

సంఘం ఏం చేయగలదు?

మన మాటల్లో 'కుక్క' అనేది తిట్టు. పరిశుద్ధ గ్రంథంలో కూడా కుక్కలు ఎక్కువగా వీధుల్లో తిరిగే జంతువులుగానే కనిపిస్తాయి. అందుచేత ఈ విషయం ఆరాధన ముగిశాక చేసే ప్రకటనల్లో చోటుచేసుకోదగినది కాదని కొందరికి అనిపించవచ్చు. కాని నీతిమంతుడు తన పశువు ప్రాణాన్ని పట్టించుకుంటాడన్న తలంపు సామెతల గ్రంథంలోనే ఉంది. పశువు అక్కరలో ఉన్న చోట దాని వెనుక ఒక మనిషి అక్కర కూడా ఉంటుంది. కుక్కను ఏం చేయాలో తోచక ఆసుపత్రిలో చేరడం వాయిదావేసే ముసలితల్లి మన సంఘంలోనే ఉండవచ్చు.

సంఘం షెల్టరు నడపనక్కర్లేదు. ఆదివారం ఒక ప్రకటన చేయవచ్చు. రెండు వారాలు ఉంచుకోగల ఇల్లు ఏదో కనుక్కోవచ్చు. టీకాలకు, ఆపరేషనుకు అయ్యే ఖర్చును నలుగురు పంచుకోవచ్చు. స్కూటరు మాత్రమే ఉన్న కుటుంబానికి కారున్నవారు ఒక పూట సాయపడవచ్చు. అయితే ఆ ప్రకటన విని ఆవేశంతో చెయ్యెత్తినవారికి వెంటనే కుక్కను ఇవ్వకండి. ఒక వారం ఆలోచించుకొని, ఇంటిల్లిపాదితో మాట్లాడి రమ్మనండి. క్రిస్మస్ కానుకగా కుక్కపిల్లను ఇచ్చే అలవాటునూ మానుకుందాం. కుక్క జీవితం పది పన్నెండేళ్లు, పండుగ ఒక్క రోజు.

పిల్లలు దూరదేశాల్లో స్థిరపడి, ఇద్దరే మిగిలిన తల్లిదండ్రులు మన సంఘాల్లో ఎందరో ఉన్నారు. కుక్కపిల్లను సాకే శక్తి వారికి ఉండదు. ఏడెనిమిదేళ్ల నెమ్మదైన కుక్క వారికి సరిపోతుంది. దానికి పరుగులు అక్కర్లేదు, ఇల్లు పాడుచేయదు, పొద్దున సాయంత్రం నాలుగడుగులు నడిస్తే చాలు. ఆ నడక పెద్దలకూ మంచిదే. వారికేమైనా అయితే కుక్కను తీసుకొనే మరొక కుటుంబం పేరు మాత్రం ముందే రాసిపెట్టుకోవాలి.

ఈ వారం మీ దగ్గరలోని షెల్టరుకు వెళ్లే వీలుంటే వెళ్లండి. గేటు మీదికి ఎగిరేవాటిని పలకరించాక మూలన పడుకున్నదాని పేరు అడగండి, దాన్ని ఎవరు అప్పగించారో, ఎందుకో అడగండి. దాని పక్కన పావుగంట కూర్చోండి. మీరు తెచ్చుకోలేకపోయినా, అది ఎలాంటిదో మరొకరికి చెప్పగలుగుతారు.