కొండరాతి కథ – బావినీటి లెక్క

బావి త్రవ్వింపబూనిన రైతు మొదట మంచి దినమును విచారించును. పిమ్మట జల చూపువానిని విచారించును. క్రిందనున్న రాయి యెట్టిదని విచారించువారు మాత్రము అరుదు. అయినను బావిలో నీరు పడుటయు, పడకుండుటయు, పడిన నీరు వేసవివఱకు నిలుచుటయు ఆ రాతి స్వభావమునుబట్టియే జరుగును. ఒక గ్రామమున చక్కగా పనికివచ్చిన యుపాయము మఱియొక గ్రామమున పనికిరాకపోవుటకు రాతిభేదమే తఱచుగా కారణమని మేము మా పనిలో పలుచోట్ల గమనించుచున్నాము. కావున ఈ సంచికలో రెండు రాళ్లను గూర్చి వ్రాయుచున్నాము. మొదటిది తూర్పుకనుమలలోని తిరుమల కొండలయందలి యిసుకరాయి. రెండవది హైదరాబాదునకు పడమటి వైపున, ఇప్పుడు హైటెక్ సిటీ యని పిలువబడు మాదాపురము, గచ్చిబౌలి ప్రాంతములయందలి గ్రానైటు. ఈ రెండు చోట్లకును నడుమ అయిదువందల కిలోమీటర్లకు పైబడిన దూరము కలదు. అయినను ఒకచోట పునాదియు దానిపై మేడయు నిలిచియుండగా, రెండవచోట పునాదియే బయటపడియున్నదని చెప్పవచ్చును.

తిరుమల కొండ చెప్పు సంగతి

తిరుపతినుండి తిరుమలకు పోవు ఘాటురోడ్డు ప్రక్కను కొండను తొలిచినచోట రాతిని పరిశీలించినయెడల ఒక వింత కానవచ్చును. క్రింద పొరలు లేని, చుక్కలుచుక్కలుగా నున్న గ్రానైటు. దానిమీద చాపలు పఱచినట్లు పొరలుపొరలుగా నున్న యిసుకరాయి. ఈ రెండును కలియు గీతకు భూగర్భశాస్త్రజ్ఞులు ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ యని పేరిడిరి. పొత్తులేని కలయిక యని మనము చెప్పుకొనవచ్చును. భారత భూగర్భ సర్వే శాఖవారు దీనిని జాతీయ భూవైజ్ఞానిక స్మారకముగా ప్రకటించినారు.

క్రింది గ్రానైటు పుట్టి సుమారు 250 కోట్ల సంవత్సరములైనది. పైనున్న రాతి వయస్సు 160, 170 కోట్ల సంవత్సరములని అంచనా. అనగా ఆ గీత నడుమ ఎనుబదికోట్ల సంవత్సరములకు తగ్గని కాలము దాగియున్నది. ఆ కాలమంతయు వానయు, గాలియు, ఎండయు పాత కొండలను అరగదీసి నేలను చదును చేసినవి. తరువాత ఆ చదునైన నేలమీదికి నీరు వచ్చి నిలిచినది. చుట్టుప్రక్కల అరిగిన రాతిపొడి నదులవెంబడి వచ్చి యందు పడినది.

నీరు ఇసుకను పేర్చు విధము రైతులకు తెలియనిది కాదు. వరద వాగు చెఱువులో చేరునపుడు గులకరాళ్లు ముందుగా దిగబడును, ఇసుక తరువాత, ఒండ్రు అన్నిటికన్న కడపట దూరముగా పోయి దిగును. తిరుమల రాతిలోను ఇదే క్రమము. అడుగున గుండ్రని గులకలు కూడిన పొర, దానిమీద ఇసుక పొరలు. వాగు ఎండినపిమ్మట ఇసుకమీద కనబడు అలల గుఱుతులవంటివి ఆ రాతి పలకలమీద నేటికిని చూడవచ్చును. ఆ కాలమున గడ్డిపోచయు లేదు, చేపయు లేదు. కంటికి కానరాని సూక్ష్మజీవులు తప్ప భూమిమీద వేఱు ప్రాణి లేదు. కనుక ఈ రాతిలో గవ్వయు నత్తగుల్లయు దొరకవు.

పైని బరువు పెరిగినకొలది ఇసుకరేణువులు ఒకదానినొకటి ఒరసికొని, వాని నడుమ పలుగురాతి జాతి జిగురు చేరి గట్టిపడినది. ఇట్లు గట్టిపడిన యిసుకరాయికి క్వార్ట్‌జైటు అని పేరు. చిత్తూరు సీమలోని నగరి కొండల పేరిట దీనిని నగరి క్వార్ట్‌జైటు అందురు. కడప సీమనుండి కర్నూలువఱకు వ్యాపించిన ఈ పొరల రాళ్లను గూర్చి విలియం కింగ్ అను శాస్త్రజ్ఞుడు 1872వ సంవత్సరమున పెద్ద గ్రంథము ప్రకటించెను. తరువాతి కాలమున భూమి కదలికలచేత ఈ పొరలు పైకి లేచి, మడతలుపడి, కొండలైనవి. తిరుమల ఆలయమునకు సుమారు ఒక కిలోమీటరు దూరమున నున్న శిలాతోరణము ఈ రాతియందు ప్రకృతి చెక్కిన ద్వారము. దాని వెడల్పు 8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు. పలుచని మట్టిగల ఈ రాతికొండలమీదనే ఎఱ్ఱచందనపు చెట్టు సహజముగా పెరుగును.

ఇక నీటి సంగతి. పలుగువలె బిగిసిన ఈ రాతి గర్భమున నీరు నిలుచుటకు సందు లేదు. కాని పొరలకు నడుమను, నిలువు చీలికలలోను దారి కలదు. కొండమీది వాన ఆ దారుల వెంబడి దిగి, బిగువైన పొర యడ్డుపడినచోట ఊటగా వెలికివచ్చును. ఆకాశగంగ, పాపవినాశనము, కపిలతీర్థము మొదలగు ధారలకు ఈ పొరలును చీలికలును ఆధారము. ఆ చీలికలే అధికవర్షమైనపుడు బండలను వదలించుటయు కలదు. 2021 సంవత్సరము చివర కురిసిన పెద్దవానలకు ఘాటురోడ్డుమీద బండలు విరిగిపడుట పాఠకులకు గుఱుతుండవచ్చును.

ఇసుకరాయి యంతయు నింత బిగువైనది కాదు. గోదావరి లోయలో బొగ్గుగనుల ప్రాంతమునను, రాజమహేంద్రవరమునకు చేరువనున్న మెట్టలలోను వయస్సులో చిన్నదైన యిసుకరాయి కలదు. దాని రేణువుల నడుమ సందులు మిగిలియున్నవి. అట్టిచోట్ల మందమైన పొరలలో చాల లోతువఱకు నీరు నిండియుండును. గొట్టపుబావులు ధారాళముగా పాఱును. ఆ సీమలో చుట్టములను చూడబోయిన తెలంగాణ రైతు తన యూరికి మరలివచ్చి, "అంత లోతు త్రవ్వినచో నాకును అట్లే పడును" అని తలంచుట సహజము. ఆ తలంపే యనేక కుటుంబములను అప్పులపాలు చేయుచున్నది. ఏలనో యిక చెప్పెదము.

మాదాపురపు రాయి చెప్పు సంగతి

హైదరాబాదు సీమలో ఇసుకరాతి మేడ లేదు. తిరుమల క్రింద దాగియున్నట్టి ప్రాచీన గ్రానైటే యిచ్చట నేలపైకి తేలియున్నది. ఇది కరగిన రాతిద్రవము భూమిలోపల మిక్కిలి లోతున మెల్లగా చల్లారుటచే పుట్టినది. పలుగు, ఫెల్‌స్పారు, కాకిబంగారము అను మూడు ఖనిజముల రేణువులు ఇందు ఒకదానిలో నొకటి బిగిసికొనియున్నవి. ఫెల్‌స్పారు చివికి బంకమన్నగును. పలుగు చివుకక యిసుకయై మిగులును. మన చెల్కభూములు ఈ రెండింటి కలయికయే. చెల్కలో ఇసుక మెండు, చేవ తక్కువ యగుటకు కారణమిదియే.

ఖాజాగూడ గుట్టలలోను, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయపు ఆవరణలోను ఒకదానిమీద నొకటి పేర్చినట్లున్న గుండ్లను చూచి జనులు ఆశ్చర్యపడుదురు. వానిని ఎవరును పేర్చలేదు. నేలలోపలనే రాతి చీలికలవెంట నీరు దిగి, అంచులను చివికించి, నడిమి భాగమును గుండుగా మిగిల్చినది. చివికిన మట్టి వానలకు కొట్టుకొనిపోగా గుండ్లు నిలిచినవి. అట్టి గుట్టల నడుమ పల్లమున దుర్గం చెఱువు కలదు. కుతుబ్‌షాహీల కాలమున గోలకొండ కోటకు త్రాగునీరు ఇచ్చటినుండి పోయెడిది. రాతిమీద పడిన వాన నిలుచుటకు చెఱువు తప్ప వేఱు గతి లేదని ఆనాటివారు గ్రహించియుండిరి.

1998లో మాదాపురమున సైబర్ టవర్స్ ప్రారంభమైనది మొదలు ఆ ప్రాంతము రూపు మాఱినది. గుండ్లు మందుపెట్టి పేల్చబడినవి. భవనముల అడుగుభాగములకై మొరము లోతుగా త్రవ్వి తీయబడినది. ఇట్లు పోయినది వట్టి మట్టి మాత్రము కాదు. నీటిని పట్టియుంచు పాత్రయే పోయినది. 2024 వేసవిలో ఆ మేడలవారు ట్యాంకరు లారీలకై యెదురుచూచుట అందఱును ఎఱిగినదే. ఆ లారీలలో కొన్ని నగరపు టంచులందలి పొలముల గొట్టపుబావులవద్ద నింపుకొనుచున్నవి. కావున ఈ కథ పట్టణపువారిది మాత్రమే కాదు, మనది కూడ.

మొరములోని నీటి లెక్క

గ్రానైటు నేలలో నీరుండు చోట్లు రెండే. పైనుండు చివికిన మొరము ఒకటి. దాని క్రింద పగుళ్లుగల రాయి రెండవది. హైదరాబాదునకు దక్షిణముననున్న మహేశ్వరము నీటిపరీవాహక ప్రాంతమున జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారును ఫ్రెంచి శాస్త్రజ్ఞులును కలిసి అనేక బావులను పరీక్షించిరి. అచ్చట మొరము సుమారు 10 మొదలు 20 మీటర్లు; పగుళ్ల పొర సుమారు 40 మీటర్ల లోతువఱకు. అంతకు క్రింద పగుళ్లు అరుదని తేలినది. మూడువందల, నాలుగువందల మీటర్లు త్రవ్వించువారు మూటలకొలది ధనమును ముద్దరాతిలో పోయుచున్నారన్నమాట.

ఇంకొక సంగతి. హైదరాబాదు సీమలో సాలు వాన సుమారు 800 మిల్లీమీటర్లు. అందు నూటికి పదిపాళ్లు, అనగా 80 మిల్లీమీటర్లు భూమిలోనికి దిగునని యెంచుదము. ఇది మూడంగుళములకు కొంచెము మించును. మొరములో నీరు వదలగల సందు నూటికి ఒకటిన్నర పాలు మాత్రమే. కనుక ఆ మూడంగుళముల నీటికే బావిలోని మట్టము అయిదు మీటర్లకు పైగా లేచును. రైతు బావిలోనికి తొంగిచూచి, నీరు అయిదు మీటర్లు పెరిగినదని సంతోషించి, యాసంగికి నాలుగెకరములు వరి నాటును. నిజమునకు దేవుడిచ్చినది మూడంగుళములే!

యాసంగి వరికి సుమారు 1200 మిల్లీమీటర్ల నీరు పెట్టుదురు. అందు సగము మరల భూమిలో నింకినదనుకొన్నను, 600 మిల్లీమీటర్లు ఖర్చగును. ఎనుబదిచేత భాగించి చూడుడు. ఒక్క యెకరము వరి ఏడెనిమిది యెకరముల వానను త్రాగుచున్నది. ఆ ఏడెనిమిది యెకరములలో పొరుగువాని పొలము కూడ కలదు. నువ్వులు, జొన్నలు మొదలగు ఆరుతడి పైరులకు ఇందు సుమారు సగము చాలును.

సంఘ సభ్యులు చేయదగిన పనులు

మొదటిది: బావి త్రవ్వకముందు ఊరి పాత బావులను, రాతి క్వారీని చూచి మొరము లోతును, పగుళ్లను గుఱుతించి సంఘపు పుస్తకమున వ్రాసియుంచవలెను. నీరు పడని బావుల లోతును కూడ వ్రాయవలెను. ఒకరి నష్టము పదిమందికి పాఠమగును. గ్రానైటులో అక్కడక్కడ గోడవలె నిలిచియుండు నల్లరాతి చారలు నీటి నడకను మార్చును గనుక వానినికూడ గుఱుతించుట మేలు.

రెండవది: పదునైదు దినములకొకమాఱు కొన్ని బావుల నీటిమట్టమును కొలిచి, పంట వేయకముందే లెక్క చూచుకొనవలెను. ఇది అసాధ్యము కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయముతో నడచిన యొక పథకమున అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశము, మహబూబ్‌నగరు, నల్లగొండ జిల్లాల రైతులు తామే వానను, బావులను కొలిచి పైరులను నిర్ణయించుకొనిరి.

మూడవది: చెఱువు. 2015లో తెలంగాణమున మిషన్ కాకతీయ పేరిట చెఱువుల పూడిక తీయుట ఆరంభమైనది. ఏ పథకమున్నను లేకున్నను, చెఱువు మనదనుకొన్నగాని నిలువదు. ఆ యొండ్రుమట్టి చెల్కకు తోలినచో ఇసుకనేలకు బంక చేరి తడి నిలుచును. చెఱువు నిండిన సాలున దాని క్రింది బావులలో నీరు నిలుచుట రైతులెల్లరు ఎఱిగినదే.

నాలుగవది: మఱింత లోతునకు పోవుచో ఆరోగ్యమును విచారింపవలెను. గ్రానైటులోని కొన్ని ఖనిజములనుండి ఫ్లోరైడు నీటిలో కలియును. ఈ వ్యాధి 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో వైద్యులచే గుర్తింపబడినది. నల్లగొండ సీమ పడిన బాధ లోకమెఱిగినది. లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించిన నీరు త్రాగరాదు. క్రొత్త బావినీటిని పరీక్షచేయించకుండ బిడ్డలకు త్రాగనీయకుడు.

అయిదవది: 2002నాటి నీరు, భూమి, వృక్షముల చట్టము ప్రకారము క్రొత్త గొట్టపుబావికి అనుమతి కావలెను. దీనిని భారమని తలంపక, పొరుగుబావికి తగిన దూరము పాటింపుడు. నలుగురు కలిసి ఒక్క మంచి బావిని వాడుకొనుట నాలుగు వట్టి బావులకంటె లాభము. ట్యాంకరునకు నీరమ్మదలచినవాడు అది తన బావిలోని నీరే యైనను, ఊరి మొరములోని నీరని గుర్తింపవలెను.

తిరుమల కొండలో నీటి దారి పొరలనుబట్టి, చీలికలనుబట్టి పుట్టినది. మాదాపురపు నేలలో అట్టి పొరలు లేవు. మొరమును చెఱువును తప్ప వేఱు పాత్ర లేదు. ఆ పాత్రను పట్టణమువారు చాలవఱకు పోగొట్టుకొనిరి. గ్రామములలో అది యింకను మన చేతిలోనే యున్నది. వచ్చు తొలకరిలోపల ప్రతి సంఘమును తన గ్రామపు బావుల పట్టికను సిద్ధపఱచి, ఒక వానకొలత పాత్రను నిలుపుకొనునని ఆశించుచున్నాము.