'కిన్స్‌మెన్' - ఇద్దరు శాక్సోఫోన్ చుట్టాల కథ

వాల్మీకిపురం వీధిలో పెళ్లి ఊరేగింపు వస్తుంటే హాస్టల్ గోడెక్కి చూసినవాళ్లమే మనమందరం. బ్యాండు మేళంలో మెడకు తగిలించుకొని వాయించే, తొండంలా వంగిన ఇత్తడి వాద్యమే శాక్సోఫోన్. బెల్జియంకు చెందిన అడాల్ఫ్ సాక్స్ దీన్ని తయారుచేసి 1846లో పేటెంటు పొందాడు. ఒళ్లంతా ఇత్తడే అయినా, నోటి దగ్గర ఉండే రెల్లుపుల్ల అదిరితేనే శబ్దం వస్తుంది. మన నాదస్వరానికీ అలాంటి పుల్లే ప్రాణం.

అమెరికాలో నల్లజాతి ప్రజలు పుట్టించిన జాజ్ సంగీతానికి ఈ వాద్యం గొంతు అయింది. జాజ్‌లో అసలు వరుస కొంచెమే ఉంటుంది. మిగిలినదంతా అప్పటికప్పుడు అల్లుకుంటూ పోవడమే. మన కచేరీల్లో కల్పనస్వరాలు కూడా అటువంటివే.

రుద్రేశ్ మహంతప్ప 1971లో ఇటలీలో పుట్టి అమెరికాలోని కొలరాడోలో పెరిగాడు. తల్లిదండ్రులు భారతీయులు. నేర్చుకున్నది జాజ్. కానీ అతని ముఖం, పేరు చూసినవాళ్లు 'నీకు భారతీయ సంగీతం బాగా తెలిసే ఉంటుంది' అనుకునేవారు. అతనికి తెలియదు! ఒకరోజు అన్న తమాషాగా ఒక సీడీ ఇచ్చాడు. అది శాక్సోఫోన్ మీద కర్ణాటక సంగీతం. వాయించినది కద్రి గోపాల్‌నాథ్.

గోపాల్‌నాథ్‌ది మంగళూరు ప్రాంతం. తండ్రి నాదస్వర విద్వాంసుడు. మీటలు నొక్కే శాక్సోఫోన్‌లో స్వరాలు మెట్లలా విడివిడిగా పలుకుతాయి. గమకానికేమో ఒక స్వరం నుంచి మరొకదానికి జారాలి, ఊగాలి. అందుకని ఆయన వాద్యంలోనే మార్పులు చేసుకొని, ఏళ్ల తరబడి సాధన చేశారు. 2004లో పద్మశ్రీ అందుకున్నారు. 2019లో కన్నుమూశారు.

వీరిద్దరూ కలిసి చేసిన ఆల్బమే 'కిన్స్‌మెన్', అంటే చుట్టాలు. 2008లో వచ్చింది. జాజ్‌లో కొన్ని స్వరాలు కలిసి ఒకేసారి మోగుతాయి, ఆ గుంపులు మారుతూ పోతాయి. కర్ణాటక సంగీతంలో శ్రుతి కదలదు, ఒకే రాగంలో లోతుకు దిగాలి. ఈ రెంటినీ ఒకచోట కూర్చోబెట్టడమే రుద్రేశ్ చేసిన సాహసం. ఇందులో డ్రమ్స్ పక్కన మృదంగం ఉంది, గిటార్ పక్కన వయొలిన్ ఉంది. ఆ వయొలిన్ మన విజయనగరం ఆడబిడ్డ అవసరాల కన్యాకుమారిది. ఆమె పేరు మీదే 'కన్య-ఆలాప్' అనే ఆలాపన కూడా ఉంది. ఆమెకు 2015లో పద్మశ్రీ వచ్చింది. ఆమాటకొస్తే వయొలిన్ కూడా పడమటి నుంచి వచ్చిందే. ఈనాడు దాన్ని పరాయిదనేవారు ఎవరున్నారు?

ఈ ఆల్బమ్ గురించి రాయడానికి నాకొక కారణం ఉంది. పీజీలో చేరిన కొత్తలో ఒకరు 'మీవాళ్లకు దప్పు బాగా వస్తుంది కదా, వాయించు' అన్నారు. మా తాత వాయిస్తాడు. నాకు రాదు. చిన్నప్పటి నుంచి హాస్టళ్లలోనే పెరిగాను. అన్నవాళ్ల మీద కోపం వచ్చింది, రానందుకు సిగ్గూ వేసింది. రుద్రేశ్ కథ తెలిశాక ఆ రెండూ తగ్గాయి. తనది కాదనుకున్నదాన్ని అతను వెతుక్కుంటూ వెళ్లి నేర్చుకున్నాడు. అందుకని జాజ్‌ను వదులుకోలేదు.

మిత్రులారా! చదువు కోసం ఇల్లు వదిలాం. ఇంట్లోని విద్యను వదలనక్కరలేదు. ఈ సెలవులకు మా తాత దగ్గర దప్పు కాచడం దగ్గర్నుంచి మొదలుపెడుతున్నాను.