నాన్నగారి మిలిటరీ పెన్షన్ అమ్మకు నేరుగా అందాలంటే

భారత సైన్యంలో పనిచేసి రిటైరైన వారి పిల్లలు మన ప్రవాస తెలుగువారిలో చాలామందే ఉన్నారు. పశ్చిమ గోదావరి జిల్లాలో మిలిటరీ మాధవరం పేరు తెలియనివారు అరుదు. నాన్నగారు ఉన్నంతకాలం పెన్షన్ సంగతి మనకు పట్టదు. ఆయన తరువాత అమ్మకు ఏం వస్తుంది, ఎలా వస్తుంది అన్నది మాత్రం ముందే తెలుసుకోవడం మంచిది.

కుటుంబ పెన్షన్ ఆస్తి కాదు. ఇల్లు, పొలం లాగా దాన్ని వీలునామాలో ఎవరికీ రాసివ్వలేరు. 1991లో ఒక రైల్వే ఉద్యోగి కుటుంబం కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చి చెప్పింది. నిబంధనల ప్రకారం అర్హులైన వారి ఖాతాలోకే డబ్బు నేరుగా చేరుతుంది. మొదటి హక్కు భార్యది. ఆమె తరువాత పిల్లలకు 25 ఏళ్ళు నిండే వరకు, లేదా పెళ్ళి, సంపాదన వచ్చే వరకు ఇస్తారు. వైకల్యం వల్ల సంపాదించుకోలేని బిడ్డకైతే జీవితాంతం ఇస్తారు.

రిటైరైన సైనికుడు సాధారణ కారణాలతో మరణిస్తే 7 సంవత్సరాలు, లేదా ఆయనకు 67 ఏళ్ళు నిండాల్సిన తేదీ, ఏది ముందైతే అంతవరకు చివరి జీతంలో 50 శాతం వస్తుంది. ఆపైన 30 శాతం. కరువు భత్యం దీనికి అదనం.

అసలు చిక్కంతా కాగితాల్లోనే. పెన్షన్ పేమెంట్ ఆర్డర్, అంటే పీపీఓలో అమ్మ పేరు "లక్ష్మి" అని, ఆధార్‌లో "వెంకటలక్ష్మి" అని ఉంటే చెల్లింపు ఆగిపోవచ్చు. నాన్నగారు ఉండగా ఆయనే దరఖాస్తు పెట్టి సరిచేయించడం తేలిక. ఆయన పోయాక ఆ వయసులో అమ్మ ఒంటరిగా ఆఫీసుల చుట్టూ తిరగాలి. వికలాంగులైన తోబుట్టువులుంటే వారి వివరాలు కూడా ఇప్పుడే రికార్డులో చేర్పించండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఇందులో సాయం చేస్తుంది.

ఆయన మరణించాక పాత పెన్షన్‌ను ఏటీఎం కార్డుతో తీసుకుంటూ ఉండకూడదు. ఆ సొమ్ము తిరిగి వసూలు చేస్తారు. మరణ ధ్రువపత్రంతో వెంటనే తెలియజేయాలి. ఇప్పుడు రక్షణ పెన్షన్లు ప్రయాగ్‌రాజ్ నుంచి "స్పర్శ్" అనే ఆన్‌లైన్ పద్ధతిలో నడుస్తున్నాయి.

అమ్మ మన దగ్గరకు వచ్చినప్పుడు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఏడాదికోసారి ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ తప్పితే పెన్షన్ ఆగుతుంది. 2014లో మొదలైన "జీవన్ ప్రమాణ్" ద్వారా దీన్ని ఆన్‌లైన్‌లో ఇవ్వవచ్చు. కుదరకపోతే భారత కాన్సులేట్‌లో ధ్రువీకరణ తీసుకోవచ్చు.

ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు పీపీఓ బయటికి తీయించి, అమ్మ పేరు, పుట్టినతేదీ ఒక్కసారి చదివించుకోండి.