చేతి తిమ్మిరి - శస్త్రచికిత్సకు ముందు నరముల పరీక్ష

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టులో బస్తాలెత్తు వారికిని, కొల్లేటి చుట్టుప్రక్కల షెడ్లలో రొయ్యల తలలు వలుచు స్త్రీలకును, దినమంతయు కుట్టుమిషనుపై పనిచేయు వారికిని చేతి తిమ్మిరి పరిచితమైన బాధయే. రాత్రివేళ వ్రేళ్లు మొద్దుబారి మెలకువ వచ్చుట, చేయి విదిలించినచో కొంత ఉపశమించుట, బొటన, చూపుడు, మధ్య వ్రేళ్లలోను, ఉంగరపు వ్రేలి సగభాగములోను చురుకులు పుట్టుట దీని లక్షణములు. చిటికెన వ్రేలు సాధారణముగా బాగుగనే ఉండును. దీనిని వైద్యులు కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అందురు.

వ్యాధి స్వరూపము

మణికట్టు ఎముకలకును, వానిపై అడ్డముగా నున్న గట్టి సంధిబంధనమునకును నడుమ ఇరుకైన సొరంగము వంటి మార్గము గలదు. వ్రేళ్లను ముడుచు 9 స్నాయుబంధకములతో పాటు మీడియన్ అను నరము దానిగుండ అరచేతిలోనికి పోవును. అందు వాపు కలిగినచో నరము నలుగును. చేతితో గట్టిగా పట్టి మరల మరల చేయు పనులు, మధుమేహము, థైరాయిడ్ లోపము, కీళ్లవాతము, గర్భధారణ ఇందుకు దోహదము చేయును. సుశ్రుతుడు శారీరస్థానమున చెప్పిన 107 మర్మములలో మణిబంధ మర్మము ఇచ్చటిదే. కావున ఇచ్చట కత్తి పెట్టుటకును, ఉపేక్షించుటకును ముందు ఆలోచన అవసరము.

పరీక్ష చేయు విధము

చర్మముపై చిన్న బిళ్లలంటించి, స్వల్ప విద్యుత్తును పంపి, ఆ సంకేతము మణికట్టును దాటుటకు పట్టిన కాలమును మిల్లీ సెకండ్లలో కొలుతురు. ఈ వ్యాధిలో మణికట్టు వద్ద సంకేతము మందగించుటను సింప్సన్ అను వైద్యుడు 1956లో ప్రకటించెను. నరముపై తొడుగు నలిగినచో సంకేతము ఆలస్యమగును. లోపలి తంతువులు నశించినచో సంకేతమే చిన్నదగును. అవసరమైనచో బొటనవ్రేలి మొదట నున్న కండలో సన్నని సూది గ్రుచ్చి ఇ.ఎం.జి. పరీక్ష చేయుదురు.

నిర్ణయమునకు తోడ్పాటు

నరము నొక్కుకొన్నది మణికట్టు వద్దనా, మెడ వద్దనా? మధుమేహము వలన ఇతర నరములు కూడ దెబ్బతినినవా? హాని ఎంతవరకు వచ్చినది? ఈ మూడు ప్రశ్నలకు పరీక్ష సమాధానమిచ్చును. బాధకు మూలము మెడలోనే యున్నచో మణికట్టుకు శస్త్రచికిత్స చేసినను ప్రయోజనముండదు.

హాని స్వల్పమైనచో మణికట్టు వంగకుండ రాత్రులు స్ప్లింటు ధరించి కొన్ని వారములు వేచి చూడవచ్చును. గర్భిణులకు ప్రసవానంతరము తరచుగా తగ్గిపోవును. తంతువులు నశించుచున్నట్లు తేలినను, బొటనవ్రేలి కండ కరుగుచున్నను ఆలస్యము తగదు. చేతికి మాత్రమే మత్తుసూది ఇచ్చి, సంధిబంధనమును కోసి, నరమునకు చోటు కల్పింతురు.

అయితే పరీక్షయే సర్వస్వము కాదు. కొందరికి లక్షణములు స్పష్టముగా నున్నను ఫలితము సరిగనే వచ్చును. మరికొందరికి ఏ బాధయు లేకున్నను లోపము కనిపించును. రోగి చెప్పిన బాధ, వైద్యుడు చేతిని పరిశీలించి కనుగొన్న విషయములు, పరీక్ష ఫలితము - ఈ మూడింటిని కలిపి నిర్ణయింపవలెను.

తైలమర్దనము - ఒక హెచ్చరిక

గోరువెచ్చని నువ్వుల నూనెతో మృదువుగా మర్దించుట నొప్పికి హాయినిచ్చును గాని, నలిగిన నరమునకు చోటు కల్పింపజాలదు. నరము మిక్కిలి చెడినపుడు చురుకులు, నొప్పి తగ్గి, మొద్దుబారుట మాత్రమే మిగులును. నూనె పనిచేసినదని భ్రమపడి పలువురు విలువైన కాలమును పోగొట్టుకొందురు. నొప్పి తగ్గినను గుండీ పెట్టుట, నాణెము ఏరుట కష్టమగుచున్నచో అది నయమగుట కాదు. మొద్దుబారిన చేతికి వేడి కాపడము పెట్టరాదు. కాలినను తెలియదు.

పరీక్షకు పోవువారు గమనింపవలసినవి

1. ఆ దినమున చేతులకు నూనె, లేపనములు రాయరాదు.
2. గాజులు, ఉంగరములు తీసివేయవలెను.
3. చల్లని చేతిలో సంకేతము సహజముగనే మందగించును. ఐసులో పనిచేసిన వెంటనే పోక, చేతులను వెచ్చబరచుకొనవలెను.
4. పేస్‌మేకర్ ఉన్నను, రక్తమును పలుచబరచు మందులు వాడుచున్నను ముందుగా చెప్పవలెను.

గుంటూరు, కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులలో నరముల వైద్య విభాగములు గలవు. తిమ్మిరి పగలు కూడ విడువకున్నను, చేతి పట్టు సడలి వస్తువులు జారిపోవుచున్నను గృహచికిత్సతో కాలయాపన చేయక వైద్యుని సంప్రదించుట శ్రేయస్కరము.