పూతకాలపు పడిశం – మనం చేసే వైద్యం

పుష్యమాసం వచ్చిందంటే మైలవరం, నూజివీడు, ఆగిరిపల్లి ప్రాంతాల మామిడితోటలు పూతతో నిండుతాయి. ఆ రోజులలోనే ఇంటింటా తుమ్ములు మొదలవుతాయి. “పూతగాలికి రొంప పట్టింది” అనే మాట మా వైపు నేను ఏటా వింటున్నదే. ఇందులో నిజమెంత?

మామిడి పుప్పొడి చాలావరకు ఈగలవంటి కీటకాల ద్వారానే పువ్వు నుండి పువ్వుకు చేరుతుంది. అది సరిపడనివారు కొందరుండవచ్చును. అట్టివారికి ముక్కు, కళ్ళు దురదపెట్టి పలుచని నీరు వారాల తరబడి కారుతుంది, జ్వరం ఉండదు.

అసలైన పడిశానికి కారణం వైరస్‌లు. వీటిలో ముఖ్యమైన రైనోవైరస్‌లోనే 150కి పైగా రకాలున్నాయి. అందుచేతనే పడిశం మరల మరల వస్తుంది. చలికి తలుపులు మూసుకొని ఉండటం, సంక్రాంతికి బంధువులు కూడటం దాని వ్యాప్తికి తోడ్పడతాయి. పెరుగు, జామపండు, తలస్నానం దానిని పుట్టించవు.

“మందు వేస్తే వారం, వేయకుంటే ఏడు రోజులు” అనే నానుడి అందరికీ తెలిసినదే. అయినప్పటికీ మందుల దుకాణంలో రెండు రోజులకు యాంటీబయాటిక్ బిళ్ళలు అడిగి తీసుకొనేవారిని తరచుగా చూస్తున్నాను. అవి బాక్టీరియాపై పనిచేస్తాయేగాని వైరస్‌పై పనిచేయవు. అనవసరంగా వాడితే బాక్టీరియా ఆ మందులకు లొంగకుండా పోతుంది. రేపు న్యుమోనియా వచ్చినప్పుడు ఆ మందే పనికిరాకపోవచ్చును.

పసిపిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన జలుబు మందును 4 ఏళ్ళలోపు పిల్లలకు వాడరాదని సీసాపై ముద్రించవలెనని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో ఆదేశించింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో, డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసిన దగ్గు సిరప్ వలన 20 మందికి పైగా పిల్లలు మరణించారు. తనంతట తగ్గే జబ్బుకు ఇంత మూల్యమా?

ఆయుర్వేదం పడిశాన్ని ప్రతిశ్యాయమంటుంది. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు కలిసిన త్రికటుకం ఇందుకు ప్రసిద్ధం. వేడి మిరియాల చారు, పలుచని శొంఠి కషాయం గొంతుకు హాయినిస్తాయి. గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించవలెను. పడుకొనే ముందు చెంచాడు తేనె దగ్గును తగ్గిస్తుంది. ఏడాదిలోపు బిడ్డకు మాత్రం తేనె నాకించరాదు. మరిగే నీటి గిన్నె వద్ద పిల్లలను కూర్చుండబెట్టి ఆవిరి పట్టడం తగదు. ఒళ్ళు కాలే ప్రమాదముంది.

కృష్ణా జిల్లా ఎలకుర్రులో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం ప్రారంభించారు. నాటినుండి ఇటువంటి లేపనాలు మన ఇళ్ళలో స్థిరపడ్డాయి. ఇవి ముక్కు తెరచుకొన్నట్లు హాయి కలిగిస్తాయి, జబ్బును తీసివేయవు. కర్పూరం కలిసినవాటిని 2 ఏళ్ళలోపు పిల్లలకు రాయరాదు.

జ్వరం మూడు రోజులు దాటినా, ఆయాసం వచ్చినా, బిడ్డ డొక్కలు ఎగురవేస్తున్నా, పాలు తాగకున్నా చిట్కాలతో కాలయాపన చేయక వెంటనే వైద్యుని వద్దకు తీసుకొని వెళ్ళవలెను. తక్కిన పడిశానికి విశ్రాంతి, వేడి ఆహారం, సబ్బుతో కడిగిన చేతులు చాలును.