బియ్యపు గింజంత ఎడం

మండపేటలో కొలతకు బియ్యపు గింజ కంటే దగ్గరి వస్తువేముంటుంది? మిల్లులో ఆడించిన స్వర్ణ గింజను అడ్డంగా కొలిస్తే సుమారు 2 మిల్లీమీటర్లు. కింది దవడలో ఇంప్లాంట్ దించేటప్పుడు దాని మొనకూ, ఎముకలోపల సాగే నరానికీ మధ్య కనీసం ఉంచాల్సిన ఎడం కూడా అంతే. ఆ నరానికి దెబ్బ తగిలితే కింది పెదవి, గడ్డం మొద్దుబారతాయి. కొందరికి ఆ తిమ్మిరి ఎప్పటికీ వదలదు.

ఇంప్లాంట్ అంటే పోయిన పన్ను చోట ఎముకలో బిగించే టైటానియం మర. 4 మి.మీ. అటూ ఇటూ లావు, 10 మి.మీ. అటూ ఇటూ పొడవు. 1952లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు కుందేలు ఎముకలో బిగించిన టైటానియం పరికరాన్ని తీయబోతే ఊడి రాలేదు, ఎముక పట్టేసింది. 1965లో మనిషి దవడలో వేశారు. టైటానియానికీ ఎముకకూ పొత్తు కుదురుతుందని అలా తేలింది. ఇక తేలాల్సింది ఎక్కడ, ఎంత వాలులో దించాలన్నదే.

వాలు చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ లెక్కేసి చూడండి. 10 మి.మీ. మర 3.5 డిగ్రీలు ఒరిగితే మొన దగ్గర 0.6 మి.మీ. పక్కకు జరుగుతుంది. 10 డిగ్రీలు ఒరిగితే 1.7 మి.మీ. దాటుతుంది, అంటే దాదాపు మన గింజంత.

మామూలు ఓపీజీ ఎక్స్‌రేతో ఈ లెక్క కుదరదు. అందులో బొమ్మ పావు వంతు దాకా పెద్దదై కనిపించవచ్చు: 12 మి.మీ. ఎముక 15 అనిపిస్తుంది. దవడ మందం అసలే తెలియదు. సీబీసీటీ స్కాన్ అయితే పొడవు, వెడల్పు, లోతు మూడూ చూపిస్తుంది. నోటిలోపలి స్కాన్‌ను దాని మీద కూర్చి, కంప్యూటర్లో ముందు రాబోయే పన్నును నిలబెట్టి, దాని కింద మరను అమరుస్తారు. ఆ ప్లాన్ ప్రకారం త్రీడీ ప్రింటర్లో అచ్చయ్యేదే గైడ్. పళ్ల మీద తొడిగితే, దాని రంధ్రం చూపిన దారిలోనే డ్రిల్ దిగుతుంది.

అయినా తప్పు సున్నా కాదు. ఇలాంటి గైడ్లతో వేసిన 2,238 ఇంప్లాంట్లను లెక్కలోకి తీసుకున్న 2018 నాటి సమీక్షలో, ప్లాన్‌కూ వాస్తవానికీ తేడా మర దిగే చోట సగటున 1.2 మి.మీ., మొన దగ్గర 1.4 మి.మీ., వాలులో 3.5 డిగ్రీలు. ఆ తేడా అంతా నరం వైపే ఉండదులెండి. కానీ సగటు అంటే కొందరికి అంతకు మించిందనే. ఆ 2 మి.మీ. ఎడాన్ని కంప్యూటర్ ఉందిగదా అని తగ్గించకూడదన్నది అందుకే.

గైడ్‌కూ ఇబ్బందులున్నాయి. దవడ చివరి పళ్ల దగ్గర నోరు చాలినంత తెరుచుకోకపోతే డ్రిల్ పట్టదు. పళ్లన్నీ పోయినవారిలో గైడ్ మెత్తని చిగుళ్ల మీద కదలవచ్చు. డ్రిల్ వేడిని చల్లబరిచే సెలైన్‌కు గైడే అడ్డు. ఎముక 47 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఒక నిమిషం ఉంటే దెబ్బతింటుంది.

ఒప్పుకునే ముందు స్క్రీన్ మీద నరం గీతను చూపించమని, మొన నుంచి దానికి ఎన్ని మిల్లీమీటర్లో చెప్పమని డాక్టరుగారిని అడగండి. స్కాన్‌ను కాగితం మీద అచ్చుతో సరిపెట్టుకోకుండా పెన్ డ్రైవ్‌లో అసలు ఫైలే తీసుకోండి. రాజానగరం వైపు జీఎస్ఎల్, లెనోరా అని రెండు దంత వైద్య కళాశాలలున్నాయి. రెండో అభిప్రాయానికి వెళితే, ఆ ఫైలు ఉంటేనే అక్కడివారు ఆ ఎడాన్ని మళ్లీ కొలవగలరు.