ఉప్పు నీటి ఊపిరి
సిడ్నీ సముద్ర తీరంలో దొరికిన చౌక వైద్యం ఊపిరితిత్తుల్లో పేరుకున్న కఫాన్ని కదిలిస్తుంది. క్షయ తగ్గినా దగ్గు వదలని రోగులున్న భారత్‌లో అది ఎంతవరకు అక్కరకొస్తుంది?

సిడ్నీ తీరంలో అలల మీద సర్ఫింగ్ చేసే యువకుల్లో కొందరు సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగులు. పుట్టుకతో వచ్చే ఈ జన్యులోపం వల్ల శ్వాసనాళాల్లో కఫం జిగురులా అంటుకుపోతుంది. సముద్రంలో ఈది వచ్చిన రోజున మాత్రం కఫం తేలిగ్గా తెగుతోందని, ఊపిరి హాయిగా ఆడుతోందని వారు వైద్యులకు చెప్పారు. రోగుల నోట వచ్చే ఇలాంటి మాటలను విని వదిలేయడమే రివాజు. కానీ రాయల్ ప్రిన్స్ ఆల్‌ఫ్రెడ్ ఆస్పత్రిలో ఊపిరితిత్తుల నిపుణుడు పీటర్ బై, ఫిజియోథెరపిస్టు మార్క్ ఎల్కిన్స్ ఆ మాటను పరీక్షకు పెట్టారు.

ఫలితం 2006 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడింది. మొత్తం 164 మంది రోగుల్లో సగం మందికి 7 శాతం ఉప్పు నీటిని, మిగిలినవారికి మామూలు 0.9 శాతం సెలైన్‌ను రోజుకు రెండుసార్లు చొప్పున 48 వారాలపాటు నెబ్యులైజర్‌తో పీల్పించారు. ఏది ఎవరికి అందుతోందో రుచిని బట్టి తెలియకుండా రెండింటిలోనూ చేదు క్వినైన్ కలిపారు. గాఢమైన ఉప్పు నీరు పీల్చినవారిలో జబ్బు తిరగబెట్టడం 56 శాతం తగ్గింది. వారిలో 76 శాతం మందికి ఆ కాలంలో ఒక్కసారి కూడా తిరగబెట్టలేదు. రెండో వర్గంలో అలాంటివారు 62 శాతం. ఊపిరితిత్తుల సామర్థ్యంలో పెరుగుదల మాత్రం స్వల్పమే. అదే సంచికలో అమెరికాలోని నార్త్ కరోలినా పరిశోధకులు 24 మంది రోగులపై జరిపిన మరో అధ్యయనాన్ని ప్రచురించారు. ఉప్పు నీరు పీల్చాక కఫం కదిలే వేగం పెరిగి, ఆ ప్రభావం ఎనిమిది గంటలకు పైగా నిలిచిందని వారు తేల్చారు.

ఇందులోని కిటుకు తెలుగింటి వంటగదిలో ఉన్నదే. మాగాయ ముక్కలకు ఉప్పు పట్టించి ఉంచితే తెల్లారేసరికి ఊట ఊరుతుంది. శ్వాసనాళాల గోడల నుంచి కూడా ఉప్పు అలాగే నీటిని బయటికి లాగుతుంది. ఆ నీటితో ఎండిన కఫం పలచబడుతుంది, దగ్గూ వస్తుంది. నాళాల లోపలి పొర మీద ఉండే సన్నని నూగు అప్పుడు కఫాన్ని గొంతు వైపు నెట్టగలుగుతుంది. రక్తంతో సమానమైన గాఢత గల 0.9 శాతం సెలైన్‌కు ఈ లాగే శక్తి ఉండదు. అది తడిని మాత్రమే ఇస్తుంది. అందుకే చికిత్సకు 3 నుంచి 7 శాతం ద్రావణాలు వాడతారు. సముద్రపు నీటి గాఢత సుమారు మూడున్నర శాతం.

క్షయ పోయినా...

సిస్టిక్ ఫైబ్రోసిస్ తెల్లవారి జబ్బేనన్న అభిప్రాయం భారత్‌లో చాలాకాలం చలామణీ అయింది. అది నిజం కాదని ఢిల్లీలోని ఎయిమ్స్ పిల్లల వైద్యులు నమోదు చేసిన కేసులు రుజువు చేశాయి. అయినా ఈ దేశంలో కఫంతో సతమతమయ్యేవారిలో ఎక్కువమంది కథ వేరు. వారిది బ్రాంకియెక్టాసిస్. ఒకసారి తీవ్రమైన ఇన్ఫెక్షన్ సోకి శ్వాసనాళాలు సాగిపోతే కఫం వాటిలోనే నిలిచిపోతుంది. నిలిచిన కఫంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. అవి తెచ్చే వాపుతో నాళాలు మరింత దెబ్బతిని, ఇంకా ఎక్కువ కఫం పేరుకుంటుంది.

భారత్‌లో ఆ తొలి దెబ్బ కొట్టేది తరచూ క్షయే. దేశంలోని 31 కేంద్రాల్లో 2015 నుంచి 2017 వరకు నమోదైన 2,195 మంది బ్రాంకియెక్టాసిస్ రోగుల వివరాలు 2019లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వెలువడ్డాయి. వారిలో 35.5 శాతం మందికి కారణం క్షయ. సగం మంది 56 ఏళ్లు దాటినవారు. మార్గదర్శకాలు చెప్పే చికిత్స వారిలో చాలామందికి అందడం లేదని కూడా ఆ అధ్యయనం గుర్తించింది.

ప్రపంచ క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు ఉన్న దేశంలో ఇది చిన్న సమస్య కాదు. మందుల కోర్సు ముగిసి, తెమడలో క్రిములు లేవని తేలితే రికార్డుల్లో రోగి కోలుకున్నట్టే. ఆ తర్వాత రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి పరీక్షించాలని జాతీయ కార్యక్రమం నిబంధనల్లో ఉంది. కానీ దాని ప్రధాన లక్ష్యం క్షయ తిరిగి వచ్చిందేమో చూడటమే. దగ్గు ఆగకపోతే రోగి మళ్లీ యాంటీబయాటిక్స్ వాడతాడు. ఎక్స్‌రేలోని పాత మచ్చలను కొత్త జబ్బుగా పొరబడితే క్షయ మందులే మళ్లీ మొదలవుతాయి. పేరుకున్న కఫాన్ని రోజూ ఎలా బయటికి తీయాలో నేర్పేవారు మాత్రం అరుదు.

ఉప్పు నీటిపై ఆశ పుట్టేది ఇక్కడే. నెబ్యులైజర్ రెండు మూడు వేల రూపాయల్లో దొరుకుతుంది. సెలైన్ చౌక. అయితే సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో తేలిన ఫలితం బ్రాంకియెక్టాసిస్‌లో అంత స్పష్టంగా కనిపించలేదు. ఆస్ట్రేలియాలో 40 మందిపై ఏడాదిపాటు జరిగి 2012లో వెలువడిన ప్రయోగంలో 6 శాతం ద్రావణం పీల్చినవారూ, 0.9 శాతం పీల్చినవారూ దాదాపు సమానంగా మెరుగుపడ్డారు. బ్రిటన్‌లోని 20 ఆస్పత్రుల్లో 288 మందిపై జరిపిన మరింత పెద్ద ప్రయోగం ఫలితాలు 2025లో వచ్చాయి. ఉప్పు నీరు పీల్చినవారికి ఏడాదిలో జబ్బు తిరగబెట్టింది సగటున 0.76 సార్లు, పీల్చనివారికి 0.98 సార్లు. ఈ తేడా యాదృచ్ఛికం కాదని చెప్పేంత పెద్దది కాదు.

అంటే బ్రాంకియెక్టాసిస్ ఉన్న ప్రతి ఒక్కరికీ ఉప్పు నీరు రాసివ్వడానికి తగిన ఆధారం లేదు. కఫం బాగా చిక్కబడి, వ్యాయామాలతో కూడా తెగని రోగికి ప్రయత్నించి చూడవచ్చు. బ్రిటన్ ప్రయోగంలోని వారందరికీ ప్రామాణిక చికిత్స ఎలాగూ అందుతోందన్నది గమనించాల్సిన విషయం. ఆ పునాదే లేని చోట ఒక్క ఉప్పు నీటి మీద భారం వేయలేం. 2016 అంచనాల ప్రకారం దేశంలో ఐదున్నర కోట్ల మందిని పీడిస్తున్న సీఓపీడీలో దీని ఉపయోగానికి ఆధారాలు మరీ బలహీనం. పైగా ఆ రోగుల నాళాలు బిగుసుకుపోయే ప్రమాదం ఉంది.

ఉప్పుకూ ఓ పద్ధతి

అందుకే తొలి మోతాదును ఆస్పత్రిలోనే ఇవ్వాలి. పీల్చక ముందు, పీల్చిన తర్వాత స్పైరోమెట్రీ పరీక్ష చేసి, ఊపిరి బిగుసుకుంటోందేమో చూడాలి. నాళాలను విప్పే సాల్బుటమాల్‌ను ముందుగా పీల్చి, ఆ తర్వాత ఉప్పు నీరు పట్టడం సాధారణ పద్ధతి. పని అంతటితో అయిపోదు. లోతుగా ఊపిరి తీసి, నోరు తెరిచి అద్దం మీద ఆవిరి ఊదినట్టు బలంగా వదిలే వ్యాయామాలు, కఫం కిందికి జారేలా పడుకునే భంగిమలు తప్పనిసరి. ఉప్పు నీరు కఫాన్ని వదులు చేస్తుంది, బయటికి తీయాల్సింది రోగే.

వంటింటి ఉప్పును కుళాయి నీటిలో కలిపి వాడటం ప్రమాదకరం. ఆ నీటిలోని క్రిములు పొగమంచుగా మారి నేరుగా ఊపిరితిత్తుల లోతుల్లోకి వెళ్తాయి. మందుల షాపులో దొరికే క్రిమిరహిత ద్రావణమే వాడాలి. పరికరాన్ని కడిగి ఆరబెట్టకపోతే అదే ఇన్ఫెక్షన్‌కు నెలవవుతుంది.

భారత్‌లో మరో జాగ్రత్త ముఖ్యం. తెమడ రాని అనుమానితుల చేత దగ్గించి, క్షయ పరీక్షకు నమూనా తీయడానికి ఆస్పత్రులు వాడేది కూడా ఈ గాఢమైన ఉప్పు నీటినే. క్రియాశీలంగా క్షయ ఉన్నవారు దాన్ని ఒకే గదిలో కాపురముండే ఇంట్లో పీలిస్తే, ఆ దగ్గు ఇంటిల్లిపాదికీ ముప్పు తెస్తుంది. కాబట్టి ముందు తెమడ పరీక్ష, ఆ తర్వాతే నెబ్యులైజర్.

సంపన్న దేశాల్లో సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగులు ఇప్పుడు ఉప్పు నీటిని దాటి వెళ్తున్నారు. జన్యులోపం ప్రభావాన్ని సరిదిద్దే ట్రైకాఫ్టా 2019లో అమెరికా మార్కెట్లోకి వచ్చింది. అది వాడుతూ ఉప్పు నీరు మానేసినవారి ఊపిరితిత్తుల సామర్థ్యం ఆరు వారాలపాటు తగ్గలేదని 2022లో ఒక ప్రయోగం తేల్చింది. విడుదలైనప్పుడు ఆ మందు ధర ఏడాదికి 3 లక్షల డాలర్లకు పైనే. భారత్‌లో అంత ధర పెట్టలేని కుటుంబాలకు ఉదయం, సాయంత్రం నెబ్యులైజర్ ముందు కూర్చోవడం తప్పదు.

క్షయ మిగిల్చిన మచ్చలతో బతుకుతున్నవారికి ఆ మాత్రం దారీ ఎవరూ చూపడం లేదు. ఉప్పు నీరు వారిలో ఎందరికి మేలు చేస్తుందో తేలాలంటే భారతీయ రోగులపైనే ప్రయోగాలు జరగాలి. అప్పటిదాకా కనీసం తెమడ పరీక్ష, స్పైరోమెట్రీ, కఫం తీసే వ్యాయామాల శిక్షణ జిల్లా ఆస్పత్రిలో అందాలి. సిడ్నీలో ఈ చికిత్స పుట్టింది రోగుల మాటకు వైద్యులు చెవి ఒగ్గడం వల్ల. "టీబీ తగ్గింది గానీ దగ్గు తగ్గలేదు" అనే రోగి మాటకు ఇక్కడ కూడా అదే ఓపిక కావాలి.